నెయ్యి తేలిన నెత్తురు

కన్ను సాహితిది. దాని గురించి మాట్లాడే హక్కు మాత్రం ఆ ఇంట్లో ఆమెకు తప్ప అందరికీ ఉంది. నరసరావుపేటలో సున్నం హోల్‌సేల్ వ్యాపారం చేసే లక్ష్మీనారాయణ గారి ఇంట్లో ఏ సంగతైనా అంతే. ఏ కూర వండాలన్నా, కొడుకు చొక్కా ఏ రంగులో కొనాలన్నా, కోడలి కంటికి ఏ వైద్యం చేయించాలన్నా ఆయన నోట్లోంచి ఒక మాట పడాలి. పడిందంటే అదే శాసనం. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు కనబడిందన్నవాడికి చూపు సరిగ్గా లేదని అర్థం.

సాహితి ఎడమ కన్ను పోవడానికి కూడా ఆయన మాటే కారణం. పోయిన వేసవిలో ఇంటి వెనక గోడౌనులో స్టాకు సరిచూస్తుంటే పై వరసలోంచి ఒక బస్తా జారి పిగిలింది. పిడుగురాళ్ళ బట్టీ సున్నం వచ్చి ఆమె మొహాన, ఎడమ కంట్లో కొట్టింది. కళ్ళు మూసుకునే తడుముకుంటూ కుళాయి వైపు పరిగెత్తింది. లక్ష్మీనారాయణ గారు అడ్డం వచ్చారు.

"నీళ్ళు తగలనీబాకండి. సున్నానికి నీళ్ళు తగిలితే ఉడుకుద్ది. నలభై ఏళ్ళ నుంచి అదే పనిలో ఉన్నా, నాకు చెప్తారా?"

తొట్టిలో పోసిన సున్నం గురించి అయితే ఆయన చెప్పింది నిజమే. కంట్లో పడ్డప్పుడు చెయ్యాల్సింది దానికి పూర్తిగా తలకిందులు, ఆగకుండా నీళ్ళు కొడుతూనే ఉండాలి. తొట్టికీ కంటికీ తేడా తెలియని నలభై ఏళ్ళ అనుభవం అది. అత్తగారు నాగరత్నమ్మ గిన్నెడు నెయ్యి తెచ్చి కోడలి కంట్లో పోసింది. ఇక మంట చల్లారుతుందని అందరూ చుట్టూ నిలబడి చూశారు. ఊరి చివర ఉన్న ట్రస్టు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి లోపల ఉడకాల్సిందంతా ఉడికిపోయింది.

డాక్టర్ కృపామణి సెలైన్ సీసాల మీద సీసాలు కంట్లో పోస్తూ, "ఈ జిడ్డు ఎక్కడిది?" అని అడిగింది.

"నెయ్యమ్మా. మా ఇంట్లో కాచిందే, బయట కొన్నది కాదు," అన్నారు లక్ష్మీనారాయణ గారు.

అంతకు ముందు సాహితికి మామగారంటే భయం ఉండేది. ఆ జవాబు చెవిన పడ్డాక ఆ భయం పోయింది. దాని స్థానంలో వచ్చింది గౌరవం మాత్రం కాదు.

సాహితి చిలకలూరిపేట అమ్మాయి. తండ్రి స్పిన్నింగ్ మిల్లులో అకౌంటెంటు. బీకాం చదివింది కదా అని పెళ్ళయిన కొత్తలోనే షాపు బిల్లింగంతా ఆమె నెత్తిన పెట్టారు. భర్త అరుణ్ కుమార్ చెడ్డవాడేం కాదు. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. ఏది అడిగినా "నాన్నకు చెప్తాలే" అంటాడు. ఆ ఒక్క మాటతోనే అతను ముప్పై ఏళ్ళు లాక్కొచ్చాడు. చెప్పేదీ లేదు, చెప్పకుండా ఉన్నానని ఒప్పుకునేదీ లేదు.

మంటా వాపూ తగ్గేదాకా నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. ఈలోగా ఎడమ కంటి మీద తెల్లటి పొర అల్లుకుపోయింది. దీపం వెలిగించారో ఆర్పారో తెలిసేది, అంతకు మించి ఏమీ ఆనేది కాదు. అప్పుడు కృపామణి అందర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది.

"నలుపూ తెలుపూ కలిసేచోట నల్లగుడ్డు చుట్టూ ఒక అంచు ఉంటుంది. గుడ్డు మీది అద్దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసే మూలకణాలు ఆ అంచులోనే ఉంటాయి. ఎడమ కంట్లో అవి మాడిపోయాయి. కుడి కంటి అంచు నుంచి బియ్యపు గింజలో సగమంత ముక్క తీసి మా లాబ్‌లో పెంచుతాం. రెండు వారాల్లో పలచటి పొరలా పెరుగుతుంది. దాన్ని ఎడమ కంటికి వేస్తాం."

"పెంచటమంటే వాటికి మేతేంది?" అని అడిగారు లక్ష్మీనారాయణ గారు.

డాక్టరుకు నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. "చాలాచోట్ల దూడ సీరం పోస్తారు. ఆవు కడుపులో ఉన్న దూడ నెత్తురు నుంచి తీసేది అది."

ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. నాగరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేం అది వాడం," అంది కృపామణి. "దూడ ప్రోటీన్లు కణాలకు అంటుకుని ఉండిపోతాయి. రేపు కంట్లో పెట్టాక ఒళ్ళు వాటి మీద తిరగబడొచ్చు. పశువుకున్న జబ్బులేవో మనకి రావచ్చు. అందుకని మా లాబ్‌లో జంతువుల నుంచి తీసినది ఏదీ లోపలికి రానివ్వం. కణాలను విడదీసే మందు కూడా మామూలుగా పంది నుంచి తీస్తారు. మేం ఫ్యాక్టరీలో తయారైనదే తెప్పిస్తాం."

ఇంత చెబితే లక్ష్మీనారాయణ గారి చెవికెక్కింది ఒక్క ముక్కే. ఆయన కొడుకు వైపు తిరిగారు. "చూశావంట్రా అరుణూ, సైన్సు తిరిగి తిరిగి మన గడప దగ్గరకే వచ్చింది. మన పెద్దాళ్ళు ఈ మాట ఏనాడో చెప్పారు."

పెద్దవాళ్ళు మూలకణాల గురించి ఏం చెప్పారో ఆయన వివరించలేదు. ఆ సాయంత్రానికి షాపుల బజారంతా పాకిపోయింది, లక్ష్మీనారాయణ గారి కోడలికి దేశంలోనే మొట్టమొదటి శాకాహార కన్ను పెడుతున్నారని. పలకరింపుకు వచ్చినవాళ్ళందరికీ ఆయన కాఫీ ఇప్పించి మరీ అదే కథ చెప్పారు. సాహితి లోపల కూర్చుని వింటూనే ఉంది. ఆయన రోజూ రాత్రి గ్యాసుకు మింగే గొట్టం మాత్ర తొడుగు పశువుల ఎముకల్లోంచి వస్తుందని ఆమె ఫోనులో చదివింది. కానీ నోరు మెదపలేదు. చెప్తే ఆయన మాత్ర మానేస్తారు, ఆ తర్వాత తెల్లవార్లూ తేన్పులు వినాల్సింది ఇంట్లోవాళ్ళే.

దూడ సంగతి తేలాక ఆయనకు రెండో అనుమానం వచ్చింది. మర్నాడే భార్యనూ కోడల్నీ వెంటబెట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి బయల్దేరారు.

"దూడది కాకపోతే మరి దేందమ్మా పోసేది?"

"మనిషి సీరం."

"ఏ మనిషి?"

గురజాల పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి కృపామణి. ఆ ప్రశ్న ఎన్ని వేషాల్లో వస్తుందో ఆమెకు తెలుసు. "అన్నిటికంటే మంచిది సాహితి నెత్తురే. కానీ రిపోర్టు చూశారుగా, ఈ అమ్మాయి ఒంట్లో నెత్తురెక్కడుంది? కణాలకు కావాలి, ఆపరేషనయ్యాక చుక్కల మందుకూ కావాలి. ఇంత బలహీనంగా ఉంటే నేను ఒక్క సీసా కూడా తీయను. అన్నం తింటోందా అసలు?"

నాగరత్నమ్మ తల దించుకుంది. కోడలి కన్ను బాగవ్వాలని మొక్కుకుని, కోడలి చేతే వారానికి మూడు ఉపవాసాలు చేయిస్తున్నది ఆవిడే. మొక్కు అత్తగారిది, పస్తు కోడలిది. కంటికి కావాల్సిన నెత్తురంతా ఆ మొక్కులోనే ఖర్చైపోయింది.

"బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చి, అన్ని పరీక్షలూ చేసి, మా ఫ్రీజర్లో భద్రంగా పెట్టిన, ఎవరికైనా సరిపడే ఏబీ గ్రూపు సీరం ఉంది. దాంతో పెంచుతాం," అంది డాక్టరు.

"ఎవరిదది?"

"మాకు తెలియదు. సీసా మీద నంబరుంటుంది, పేరుండదు."

అక్కడ ఆగిపోయింది వ్యవహారం. దూడది కాకపోతే చాలనుకున్న మనిషికి, మనిషిదైతే దూడ కంటే పెద్ద చిక్కని అప్పుడు తట్టింది. దూడకు కనీసం కులం ఉండదు. లక్ష్మీనారాయణ గారు ఇంటికి వచ్చి వర్తక సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజి పెట్టించారు. ఏబీ గ్రూపు వాళ్ళు కావలెను, మనవాళ్ళే అయి ఉండవలెను, శుద్ధ శాకాహారులై ఉండవలెను, మద్యం ముట్టనివారై ఉండవలెను అని. పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని షరతులు పెట్టరు.

మొత్తానికి ఒక అరడజను మంది దొరికారు. వాళ్ళలో ముందున్నది సంఘం అధ్యక్షుడు, బట్టల షాపు రామబ్రహ్మం గారు. ఆయన నెలకోసారి మాచర్లలో పనుందని చెప్పి వెళ్ళి, సాగర్ చేపల పులుసు తిని, వక్కపొడి నములుతూ తిరిగొస్తారని బజారులో తెలియనివాళ్ళు లేరు. లక్ష్మీనారాయణ గారికీ తెలుసు. అయినా అధ్యక్షుడంటే అధ్యక్షుడే. ఆయన తిన్న చేప కూడా మనవాళ్ళ చేపే.

కృపామణి విసుక్కోలేదు. నెత్తురిస్తామని వచ్చేవాళ్ళను ఏ డాక్టరూ కాదనదు. అందరికీ పరీక్షలు ముందే చేయించి, ఒక్క జాగ్రత్త మాత్రం రెండుసార్లు చెప్పింది. "ముందురోజు సాయంత్రం నుంచి నెయ్యీ నూనే తగలకూడదు. పొద్దున రెండు ఇడ్లీలు తినండి, మంచినీళ్ళు బాగా తాగండి, చాలు. కొవ్వు తిని వస్తే అది నెత్తుర్లో తేలుతుంది. సీరం పాలలా వస్తుంది, ఎందుకూ పనికిరాదు."

లక్ష్మీనారాయణ గారు తల ఊపారు. తల ఊపడానికి ఏ ఖర్చూ లేదు కదా.

తేదీ అనుకున్నాక మరో పేచీ వచ్చింది. పొద్దున దాతల నెత్తురు తీసి, సీరం వచ్చాక దాన్ని చూసుకుని, మధ్యాహ్నం కంటి ముక్క తీద్దామని డాక్టరు అంది. మధ్యాహ్నం వర్జ్యం ఉందన్నారు ఈయన. పొద్దున్నే దివ్యమైన ఘడియ ఉంది, ముక్క అప్పుడే తీయాలి, లేకపోతే ఈ వైద్యమే వద్దన్నారు. ఆమె చాలాసేపు వాదించి, చివరికి ఒప్పుకుంది. ఈ గోలలో పేషెంటును వెనక్కి తీసుకుపోతే మళ్ళీ తీసుకురారని ఆమె భయం.

ఆ రోజు తెల్లవారేసరికి ఆసుపత్రి పక్కనున్న సంఘం సత్రంలో పొయ్యిలు అంటుకున్నాయి. సాహితి కారు దిగేటప్పటికే బొబ్బట్ల వాసన గేటు దాకా వచ్చింది. అరుగు మీద అరిటాకులు పరిచి ఉన్నాయి. నేతి పొంగలి, నేతి బొబ్బట్లు, పక్కన గిన్నెలో మళ్ళీ కాచిన నెయ్యి.

"మామయ్య గారూ, డాక్టరు గారు నెయ్యి వద్దన్నారు కదా," అంది సాహితి.

"వద్దంటే? మంచి పనికొచ్చినోళ్ళకి ఇడ్లీ ముక్క పెట్టి పంపమంటావా, వాళ్ళేమన్నా జొరమొచ్చినోళ్ళా? నెయ్యి సాత్వికం. నెయ్యి తింటే నెత్తురు శుద్ధవుద్ది. అట్టా శుద్ధంగా ఉండాలనేగా మనోళ్ళను పిలిచింది."

"ఏమే, నీ కోసం ఇంతమంది వస్తే నువ్వు వాళ్ళ తిండికి అడ్డం పడతావేంది," అంది నాగరత్నమ్మ.

సాహితి భర్తను పక్కకు పిలిచింది. డాక్టరు చెప్పినప్పుడు అతను అక్కడే ఉన్నాడు, అన్నీ విన్నాడు. "మీరన్నా చెప్పండి, ఇది వేళాకోళం కాదు. నా కన్ను."

"నాన్నకు చెప్తాలే. నువ్వు లోపలికి పో, టైమవుతుంది," అన్నాడు అరుణ్ కుమార్.

చెప్పకపోవడమే కాదు, కాసేపటికి అతనూ వాళ్ళ వరసలో కూర్చుని బొబ్బట్లు తిన్నాడు. ఆ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది.

ఘడియ దాటకుండా కుడి కంటి అంచు నుంచి ముక్క తీశారు. నొప్పి పెద్దగా లేదు, మత్తు చుక్కలు వేశారు. కానీ తీశాక ఆ కంటికి కట్టు కట్టారు. ఎడమ కన్ను ఎలాగూ లేదు, కుడి కన్ను మర్నాటి దాకా మూసే ఉండాలి. సాహితిని ఒక గదిలో పడుకోబెట్టారు. చీకట్లో ఫ్యాను చప్పుడూ, నాగరత్నమ్మ గాజుల చప్పుడూ వింటూ పడుకుంది. బయట దాతల నెత్తురు తీయడం అయ్యాక, చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. చెప్పుల చప్పుడును బట్టి మగవాళ్ళిద్దరూ వచ్చారని, వాళ్ళ వెనకే డాక్టరు వచ్చిందని తెలిసింది.

"ఏం తిన్నారు వాళ్ళు?" అంది కృపామణి. గొంతు పెద్దది చేయలేదు.

గాజు గొట్టాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది.

"ఈ ట్యూబులు చూడండి. లేత గంధం నీళ్ళలా ఉండాలి. ఇదేంటి?"

"తెల్లగా ఉందంటే మంచిదేగా డాక్టరమ్మా, స్వచ్ఛంగా ఉన్నట్టు," అన్నారు లక్ష్మీనారాయణ గారు.

"ఇది స్వచ్ఛత కాదండీ, నెయ్యి. ఆరుగురిదీ ఇలాగే ఉంది. ఒక్క చుక్క కూడా పనికిరాదు. అన్నీ పారబోయాలి."

సాహితి దిండు అంచు పట్టుకుంది. మొదటిసారి నెయ్యి కంట్లో పోశారు, రెండోసారి నెత్తుర్లో పోశారు. ఇంత శ్రద్ధగా, ఇంత ఆప్యాయంగా, ఇంటిల్లిపాదీ కలిసి ఒక మనిషిని గుడ్డిదాన్ని చేయడం మాటలు కాదు.

"ముహూర్తానికి ఒప్పుకుని ముందే ముక్క తీయడం నా తప్పు," అంది కృపామణి. "సీరం చూడనిదే కత్తి పట్టకూడదు. ఇప్పుడా ముక్క గిన్నెలో ఉంది. ఈ సాయంత్రం లోపు దానికి సీరం అందాలి, లేకపోతే చస్తుంది. ఫ్రీజర్లో ఉన్నది కరిగించమని చెప్పాను. మీ సంతకం కావాలి."

"వద్దు. రేపు మళ్ళీ పిలిపిస్తా మావోళ్ళని. ఈసారి మంచినీళ్ళ మీదుంటారు."

"ఈ రోజు ఇచ్చినవాళ్ళు మూడు నెలల దాకా ఇవ్వకూడదు."

"అయితే మూడు నెల్లు ఆగుదాం. ఆ ముక్క పోతే పోయింది, అప్పుడు ఇంకోటి తీయండి. కుడి కన్ను బానే ఉందిగా, అందులోంచి ఇంకో బియ్యపు గింజంత తీస్తే ఏం పోద్ది?"

ఆ మాట అన్న మనిషి కోపంతో అనలేదు, ద్వేషంతో అనలేదు. షాపులో ఒక బస్తా తడిస్తే పక్క బస్తా విప్పమని చెప్పే గొంతుతో అన్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జనం నవ్వుకుంటారు. ఇక్కడ ఉన్న నాలుకను కూడా కోసుకోమని పెద్దమనిషి దగ్గరుండి చెబుతున్నారు.

"అది పెరట్లో కరివేపాకు చెట్టు కాదండీ, దూసినకొద్దీ చిగురు వేయడానికి," అంది డాక్టరు. "ఆ అంచు మళ్ళీ మళ్ళీ కోస్తే ఆ కన్ను కూడా దెబ్బతింటుంది. ఈ అమ్మాయికి ఉన్నది అదొక్కటే."

సాహితి భర్త మాట కోసం ఎదురుచూసింది. అతను ఎక్కడ నిలబడ్డాడో ఆమెకు తెలుసు, మంచం కాళ్ళ వైపు. గొంతు సవరించుకున్నాడు. షాపులో బేరం తెగనప్పుడు చేసే చప్పుడది.

"ఏమండీ, మీరేమంటారు?" అంది ఆమె.

"నాన్న చెప్పేదాంట్లో కూడా పాయింటుంది కదా," అన్నాడు అరుణ్ కుమార్. "ఇప్పటికిప్పుడు తొందరేముంది. ఒక కన్ను కనబడతానే ఉందిగా నీకు."

ఆ క్షణాన రెండు కళ్ళకూ చీకటిగా ఉన్న మనిషితో అతను అన్న మాట అది. ఏడుపు వస్తుందేమో అనుకుంది సాహితి. రాలేదు. అసహ్యం వేసింది. మామగారంటే ఎప్పటినుంచో అంతే, అందులో కొత్తేమీ లేదు. భర్త మీద ఇంతకాలం జాలి అనుకుంటూ మోస్తూ వచ్చింది కూడా అదేనని ఇప్పుడు తెలిసింది. తెలిశాక మనసు తేలికైంది.

లేచి కూర్చుంది.

"మేడం, ఫ్రీజర్లో ఉన్నదే పోయండి. నేను సంతకం పెడతాను."

"నువ్వు గమ్మునుండమ్మాయ్," అన్నారు లక్ష్మీనారాయణ గారు. "మా ఇళ్ళల్లో ఆడోళ్ళు సంతకాలు పెట్టరు."

"టాక్సు తగ్గుద్దని నా పేరున ఫర్మ్ పెట్టినప్పుడు పెట్టించారుగా మామయ్య గారూ. అప్పుడు బాగానే పనికొచ్చింది నా సంతకం."

"ఎవరిదో ఏందో తెలియని నెత్తురది. ఏ లారీవోడిదో, ఏ మాంసం కొట్టేవోడిదో. ఆ కన్ను పెట్టుకుని నా ఇంట్లో దేవుడి గదిలోకి ఎట్టా వస్తావు?"

"దేవుడి గది దాకా ఎందుకు లెండి. మీ వీధి గడప కూడా తొక్కను. మీరు దిగులుపడబాకండి."

కృపామణి మంచం పక్కన కూర్చుని, సాహితి వేలు పట్టుకుని కాగితం మీద ఒక చోట ఆనించింది. పెన్ను చేతిలో పెట్టింది. సాహితి చీకట్లోనే తన పేరు రాసింది. రాసింది గీతకు పైన పడిందో కింద పడిందో ఆమెకు తెలియలేదు.

లక్ష్మీనారాయణ గారు అందర్నీ లేవదీసుకుని వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ సత్రంలో మిగిలిన బొబ్బట్లు ఏమయ్యాయని భార్యను అడగడం సాహితికి వినిపించింది.

వాళ్ళు వెళ్ళాక కృపామణి అంది, "ఇంకోటి చెప్పాలి నీకు. కణాలు పెరిగేది ఒక పలచటి పొర మీద. ఆ పొర కాన్పులో బయటికొచ్చే మాయ నుంచి తీసింది. ఎవరో తల్లి ఇచ్చింది. మీ మామగారు దాని గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాల్సింది నీకు కాబట్టి చెబుతున్నా."

సాహితి ఆ రోజు మొదటిసారి నవ్వింది. పురిటి మైల అంటే పది రోజులు వీధి వాకిలి వైపు కూడా రాని మనిషి, ఆ ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోయారు. తర్వాత నవ్వు తగ్గి, ఆ ఇద్దరి గురించి ఆలోచించింది. నెత్తురిచ్చినవాడు దాచేపల్లి సిమెంటు లారీ డ్రైవరో, ముప్పాళ్ళలో మిరపకాయలు కోసే మనిషో, కాలేజీ కుర్రాడో. పొర ఇచ్చిన తల్లి ఎవరో. వాళ్ళెవరూ ఆమెను చూడలేదు, ఏ ఇంటి కోడలని అడగలేదు. తన వాళ్ళనుకున్నవాళ్ళు అరిటాకుల ముందు కూర్చుని చేయలేని పని, వాళ్ళు ముక్కూ మొహం తెలియకుండానే చేసి వెళ్ళారు. ఆమె వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకుంది.

మర్నాడు కట్టు విప్పాక తండ్రి వచ్చి చిలకలూరిపేట తీసుకెళ్ళాడు. కణాలు పెరిగాయి. రెండు వారాల తర్వాత వాటిని ఎడమ కంటికి వేశారు. పుట్టింట్లో రోజూ అన్నం తింది, సోమవారం శుక్రవారం తేడా లేకుండా తింది. అరుణ్ కుమార్ ఫోను చేసేవాడు. ఎలా ఉన్నావంటే బాగున్నానని, ఎప్పుడొస్తావంటే తెలియదని చెప్పేది.

చూపు పరీక్షించే రోజున అతను ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో యాపిల్ పళ్ళ సంచి ఉంది. కృపామణి లోపలి నుంచి వచ్చేలోగా కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నాన్న మెత్తబడ్డాడు. ఒక శాంతి చేయిస్తే చాలంట, ఇంట్లోకి రావచ్చంట. బజార్లో అందరికీ సంఘం వాళ్ళ నెత్తురే వాడారని చెప్పాం. రామబ్రహ్మం గారు సన్మానం కూడా పెట్టుకుంటున్నారు. నిన్నెవరన్నా అడిగితే నువ్వూ అట్టనే చెప్పు. ఒక్క మాటేగా."

కృపామణి వచ్చి, ఎడమ కంటి కట్టు విప్పి, లైటు వేసి చూసి, తృప్తిగా తల ఆడించింది. కుడి కన్ను అరచేత్తో మూసుకోమంది. ఎదురుగా ఏం కనిపిస్తోందో చెప్పమంది.

మొదట అంతా పొద్దుటి మంచులా ఉంది. రెప్ప కొడుతూ కొడుతూ ఉంటే కొంచెం కొంచెంగా విచ్చుకుంది. నీలం రంగు చొక్కా. దాని బొత్తాలు. పైన మీసం. పళ్ళ సంచి పట్టుకున్న చెయ్యి. కొత్త కంటికి మొదట ఆనిన మనిషి భర్తే.

"కనబడతన్నానా?" అన్నాడు అరుణ్ కుమార్. నిజంగానే సంతోషపడ్డాడు. మొహంలో ఆత్రం కనిపించింది. "ఎట్టా ఉన్నాను?"

సాహితి అరచెయ్యి తీసేసింది. రెండు కళ్ళతోనూ అతన్ని పైనుంచి కిందిదాకా నిదానంగా, తొందర లేకుండా చూసింది.

"రెండు కళ్ళతో చూసినా అంతే ఉన్నారు," అంది.

తర్వాత డాక్టరు వైపు తిరిగి, చుక్కల మందు ఇంకా ఎన్నాళ్ళు వేసుకోవాలో అడిగింది.